చుట్టూ ఓట్లు, నడుమ మనం

రా బిడ్డా, ఇటు జరిగి కూసో, పొగ అటు వోతున్నది. వంటిమామిడికెళ్లి మీ మేనత్త కొడుకు పంపిన ఇడియో అందరికి సూపెట్టినవు గద, నేను గూడ సూసిన. మొకమంత గులాలు, మెడల దండలు, డీజే. వాళ్లది ములుగు మండలం, సిద్దిపేట జిల్లా. వాళ్లకు సర్పంచు ఓట్లు. మేడ్చల్ దాటి తూప్రాన్ తోవల కాళ్లకల్ పోతె మెదక్ జిల్లా, వాళ్లకూ ఓట్లే. ఇటు బొమ్మలరామారం పోతె యాదాద్రి జిల్లా, అక్కడా ఓట్లే. 2025 డిసెంబర్ల 11, 14, 17 తారీఖులు వెట్టి 31 జిల్లాలల్ల ఊరూరికి సర్పంచులను ఎన్నుకున్నరు. ఓట్లు లేనియి రెండే రెండు జిల్లాలు. హైదరాబాదుకు ఎన్నడు సర్పంచు ఉన్నడని? రెండోది మన మేడ్చల్ మల్కాజిగిరి. సముద్రం నడుమ దీవి లెక్క అయినం.

మనకు ఓట్లు ఎందుకు లేవని అడిగినవు గద, అది జెప్పాలంటె మా బాపు కాలం కాడికెళ్లి రావాలె. చాయ్ గిట్ల వస్తదా లోపటికెళ్లి?

హైదరాబాదు చుట్టున్న మన ఊర్లు నిజాం కాలంల అత్రాఫె బల్దా అనే జిల్లాల ఉండె. సర్ఫెఖాస్ అంటరు, శిస్తంత నిజాం సొంత ఖర్సులకే. ఊర్ల ముగ్గురే సర్కారు. మాలి పటేలు పైసలు వసూలు జేస్తడు, పోలీసు పటేలు బెదిరిస్తడు, పట్వారి రాసుకుంటడు. ఆ రాసింది ఏందో ఎవలికి ఎరుక? మా బాపు అంటుండె, పట్వారి దస్త్రం విప్పితె ఊరంత గజగజ వణికేదట. ఈ ముగ్గురిని ఎవలు ఎన్నుకోలె. తాత సస్తె తండ్రి, తండ్రి సస్తె కొడుకు.

పోలీసు యాక్షనయ్యి, అత్రాఫె బల్దా పోయి హైదరాబాదు జిల్లా అయినంక 1952ల మొదటి ఓట్లు. అవి పెద్ద ఓట్లు, అసెంబ్లీకి, ఢిల్లీకి. అప్పుడు కాయిదం మీద గుద్దుడు లేదు, నిలవడ్డ ఒక్కొక్కరికి ఒక్కో డబ్బా, డబ్బా మీద వాని గుర్తు. కాయిదం తీసుకపోయి నీకు నచ్చినోని డబ్బాల ఏసి రావాలె. ఆ డబ్బాలు జేసిన కంపెనీలల్ల మన సనత్‌నగర్ ఆల్విన్ ఒకటి, గది మన గొప్పే. మా నాయనమ్మను ఎవలి డబ్బాల ఏసినవే అనడిగితె, "తలుపు పక్కన ఉన్నదాంట్ల ఏసిన, లోపటి దాక ఎవలు నడుస్తరు" అన్నదట. అదే ఓట్లల్ల నల్లగొండల రావి నారాయణరెడ్డికి నెహ్రూకన్న ఎక్కువ ఓట్లు వడ్డయని మా పెద్దనాయిన సచ్చేదాక జెప్పిండు. ఆయన కమ్యూనిస్టు గాదు, ఏమీ గాదు, ఉత్త సంబురం.

ఊరి ఓట్ల ముచ్చట అటెనుక వచ్చింది. 1959 అక్టోబర్ల, రాజస్థాన్ నాగౌర్ల పంచాయతీరాజ్ మొదలువెట్టిన కొద్ది దినాలకే నెహ్రూ మన షాద్‌నగరొచ్చి ఇక్కడ మొదలువెట్టిండు. మా పెద్దనాయిన మేడ్చల్ల చిన్న రైలెక్కి పోయి సూసొచ్చిండు. ఏం జెప్పిండయ్యా నెహ్రూ అంటె, "మైకు మంచిగనే ఉండె, నేను దూరంగ ఉంటి" అన్నడు. గంతే. కని ఊరికి పంచాయతి, నడుమ సమితి, పైన జిల్లా పరిషత్తు, మూడంతస్తులు వచ్చినయని మాత్రం ఎరుకయింది. మనకు మేడ్చల్ సమితి.

పంచాయతి వచ్చింది, ఎవలు కూసున్నరనుకున్నరు కుర్చీల? పటేలింటోళ్లే. పటేలు దస్త్రం ఒక చేత్తోని, పంచాయతి దస్త్రం ఒక చేత్తోని. అప్పుడు సర్పంచును ఊరు ఎన్నుకునేది గాదు. ఊరు వార్డు మెంబర్లను ఎన్నుకుంటది, ఆ మెంబర్లు తమలనే ఒకరిని సర్పంచు జేస్తరు. ఏడుగురు మెంబర్లంటె నలుగురు నీ దిక్కుంటె సాలు. ఆ నలుగురిని కాపాడుకునుడే అసలు ఎలచ్చన్.

1964ల నాకు మీసాలు గూడ రాలె. మా ఊర్ల రెండు పార్టీలు. పార్టీ అంటె కాంగ్రెసు, ఇంకోటి గాదు, పై ఇంటి పార్టీ, కింది ఇంటి పార్టీ. పేర్లు జెప్ప, వాళ్ల మనుమలు ఈ మంట కాడనే కూసున్నరు. నవ్వకు, నిన్నే అంటున్న. పై ఇంటోళ్లకు నలుగురు, కింది ఇంటోళ్లకు ముగ్గురు. పై ఇంటోళ్లు తమ నలుగురిని అల్వాల్ దిక్కు ఒక మామిడితోటల దాసిన్రు. పొద్దుగాల ఇడ్లీలు, మాపటికి యాట కూర, ఎప్పుడూ పత్తాలు. నేను సైకిల్ మీద కల్లు ముంతలు మోసేటోణ్ణి, నాకు ఓ అణా ఇస్తుండిరి.

ఆ నలుగురిల ఒకాయనకు గొర్లు ఉండె. రెండు దినాలు మంచిగనే తిన్నడు. మూడో రాత్రి చెంబు వట్టుకొని బైటికి వోయిండు, మళ్ల రాలె. తెల్లారేసరికి ఇంటి కాడున్నడు. ఏందయ్యా ఇట్ల జేస్తివంటె, నా గొర్లు ఎవలు గాస్తరని అన్నడు. నిజం ఏందంటె, ఆ మూడు దినాలు ఆయన గొర్లను కింది ఇంటోళ్ల జీతగాడు గాసిండు. దొడ్డి ఊడ్చిండు గూడ. ఎవలు జెప్పిన్రో, ఎవలికి తట్టిందో ఆ ఉపాయం! నాలుగు మూడు తారుమారయ్యె, కింది ఇంటాయన సర్పంచయ్యె. పై ఇంటోళ్లు యాట కూర పైసలు వాపస్ ఇయ్యమని పంచాయితి వెట్టిన్రు. ఇయ్యలె. తిన్న కూర ఎట్లిస్తరు?

అటెనుక 1970 ఓట్లు అయినయి. నా మొదటి ఓటు అదే, అప్పట్ల 21 ఏండ్లు నిండాలె. మళ్ల పదకొండేండ్లు ఓట్లే వెట్టలేదు సర్కారు! ఇప్పటోళ్లు ఏడాది లేటయితెనే కోర్టుకు వోతున్నరు. ఆ నడుమనే 1978ల పట్నాన్ని ఇడగొట్టి మనను రంగారెడ్డి జిల్లాల ఏసిన్రు. 1981ల ఓట్లు వచ్చేసరికి సర్పంచును ఊరే నేరుగ ఎన్నుకోవాలె. అరే, ఊరి రంగే మారిపాయె. మెంబరును తోటల దాస్తవు, ఊరినెక్కడ దాస్తవు? అప్పటిదాక వాడకట్టు మొకం సూడని దొడ్డదొడ్డోళ్లు దళితవాడ తోవ అడుక్కుంట తిరిగిన్రు. గోడలన్ని జాజు, సున్నం. గుర్తు గుర్తువెట్టుకోనీకి పాటలు గట్టిన్రు, బతుకమ్మ కాడ గూడ పాడిపిచ్చిన్రు. మీ నాయనమ్మ పాడింది అవతలోళ్ల పాట, ఓటు మాత్రం మా దిక్కు ఏసిన అంటది. నేను నమ్మ.

ఇగ ఎన్టీ రామారావు వచ్చిండు. 1984ల పటేలు పట్వారీలను ఒక్క దెబ్బకు తీసేసిండు. ఆ దినం మా బాపు ఇంట్ల బూరెలు జేపిచ్చిండు. పట్వారికి ఎన్నడు లంచం ఇచ్చిండో, ఎంతిచ్చిండో మాకు జెప్పలె గని, ఆ బూరెలను సూస్తె తెలిసింది. మరుసటేడు తాలూకాలు తీసి మండలాలు జేసిండు, శామీర్‌పేట మండలమయ్యింది. 1987ల మండలాధ్యక్షున్ని, జిల్లా పరిషత్తు చైర్మన్‌ను గూడ జనమే నేరుగ ఎన్నుకున్నరు. అట్ల జిల్లా పరిషత్తు కాడ మొదలైనోడే దేవేందర్ గౌడ్, తరువాత మేడ్చల్ ఎమ్మెల్యే అయ్యి హోంమంత్రి దాక వోయిండు.

1988ల సర్పంచు ఓట్లు. ఇది ఇను, ఇది అసలు ముచ్చట. నిలవడ్డ ఇద్దరు పాలోళ్లు, ఒక్క తాత మనుమలు. బడిల ఓట్లు, బడిలనే లెక్క. కరెంటు వోతె పెట్రోమాక్స్ లైటు తెచ్చిన్రు. అర్ధరాత్రి దాటినంక తేలింది ఏందంటె ఇద్దరికి సమానం. మళ్ల లెక్క వెట్టిన్రు, మళ్ల సమానం. చీటీలేసి తీయాలె, అది చట్టం. ఆఫీసరు రెండు చీటీలు రాసి గిలాసల ఏసిండు, ఒక పోరనితోని తీపిచ్చిండు. ఒకాయన సర్పంచయిండు, ఇంకొకాయన ఏడ్సుకుంట ఇంటికి వోయిండు. ఓడినాయన చిన్నమ్మ ఆ దినం ఊర్ల లేదు, ఓట్ల ఆదివారం అని యాది లేకుంట కొమురెల్లి మల్లన్న జాతరకు వోయింది. ఇగ సూడు, ఆమె సచ్చేదాక ఆమెను "మల్లన్న" అనే పిలిచిన్రు. నీల్ల కాడ, కల్లం కాడ, పెండ్లి పందిట్ల, "ఏం మల్లన్నా, సర్పంచును ఓడగొట్టినవు గద" అనేది. ఆమె గూడ తక్కువది గాదు, "నా ఒక్క ఓటుతోని గెల్సేటోడు సర్పంచయ్యి ఏం జేస్తడురా" అంటుండె.

1992ల రాజ్యాంగం సవరించిన్రు, 1994ల మనకు కొత్త పంచాయతి చట్టం వచ్చింది, 1995 నుంచి ఆ ప్రకారం ఓట్లు. ఐదేండ్లకొకపారి వెట్టాలె, ఆడోళ్లకు మూడొంతులల్ల ఒక వంతు ఇయ్యాలె, ఎస్సీలకు, ఎస్టీలకు, బీసీలకు వంతులు వంతులుగ. మా ఊరికి ఒక దఫ ఎస్సీ మహిళ అని వచ్చింది. ఊర్ల పెద్దమనుషులు నెత్తిమీద పిడుగువడ్డట్టు జేసిన్రు. దళితవాడకెళ్లి ఒకామె గెలిసింది, కూలికి వొయ్యే ఆమె, అద్దె చీర గట్టుకోని వచ్చి ప్రమాణం జేసింది.

పంచాయతి ఆఫీసుల చేతులున్న కుర్చీ ఒక్కటే ఉండె. అది పాత సర్పంచు తన పైసలతోని కొన్నదట, దిగిపోంగనే దాన్ని ఎడ్లబండిమీద ఏసుకోని ఇంటికి తీస్కపోయిండు. ఆమె మొదటి ఏడంత బెంచీ మీదనే కూసున్నది. చేతికొచ్చిన మొదటి పైసలతోని కుర్చీ కొనలె, వాడల బోరుకు మోటరు వెట్టిచ్చింది. గ్రామసభ అంటె చాపలు పరిపిచ్చేది. అందరు నేల మీదనే. ఒకపారి ఆ పాత సర్పంచు మోకాళ్లు నొస్తున్నయని, కుర్చీలు కొనరాదమ్మా అన్నడు. ఆమె పంచాయతి లెక్కలు రాసే కారోబారు దిక్కు సూసి, "తీర్మానం రాయి, ఎందరు చేతులెత్తుతరో సూద్దాం" అన్నది. ఒక్క చెయ్యి లేవలె. ఆయన చెయ్యి గూడ లేవలె, సిగ్గయి. ఆమె మొగడు సంతకాలు వెడుతుండెనా అని అడుగుతరు మీరు. మొదట్ల మొదట్ల వెట్టిండు. తరువాత ఆమెనే నేర్సుకున్నది, నేర్సినంక ఆయన ఆఫీసుకు వచ్చుడే బందయింది. అందరు అట్లనే ఉండిరా అంటె, లేరు. సుట్టుముట్టు ఊర్లల్ల మొగడే సర్పంచని చెలామణి అయినోళ్లు బోలెడుమంది.

అప్పట్ల ఇంకో నిబంధన ఉండె, 1995 మే దాటినంక మూడో పిల్ల పుడితె పోటీకి పనికిరారు. నామినేషన్లనాడు పిల్లల పుట్టిన తారీఖుల మీదనే లొల్లి. పక్కూర్ల ఒకాయనకు ముగ్గురు పోరగాండ్లు, చిన్నోణ్ణి తమ్మునికి దత్తతిచ్చిన అన్నడు. ఆ పోరడు ఎదురుంగ నిలవడి "బాపూ" అని పిలిసె. ఇగ ఏం జెప్తవు? 2025ల ఆ నిబంధన తీసేసిన్రట. సూసినవా మన నసీబు, ముగ్గురు పిల్లలున్నోడు గూడ నిలవడొచ్చన్న ఏడే మనకు ఓట్లు లేవు.

భూముల ముచ్చట జెప్పకుంటె ఇది పూర్తిగాదు. ఇటు దిక్కున్నియి ద్రాక్ష తోటలు, జొన్న చేన్లు, కూరగాయలు. 1990లు దాటంగనే కొంపల్లి, మేడ్చల్ రోడ్డు, మన రాజీవ్ రహదారి ఎంబడి తెల్లరాళ్లు మొలిచినయి. ఎకరం అనే మాటనే వోయింది, 4,840 గజాలు అనుడు మొదలైంది. ప్లాట్లు జెయ్యాలంటె పంచాయతి లేఅవుటు, దాని మీద సర్పంచు సంతకం, పంచాయతి ముద్ర. 30 ఫీట్ల రోడ్డు, పార్కు జాగ అని కాయిదం మీద గీస్తరు, తరువాత పార్కు జాగల గూడ ఇండ్లు లేస్తయి. తుర్కపల్లి దిక్కు జీనోమ్ వ్యాలీ వచ్చింది, టీకాల కంపెనీలు, శామీర్‌పేటల నల్సార్ వచ్చింది. పంచాయతికి పన్నులు వచ్చినయి, సర్పంచు కుర్చీకి రేటు వచ్చింది. గొర్లు గాసి ఓటు సంపాయించే కాలం పాయె. ఇంటికింతని కవర్ల వెట్టి ఇస్తుండిరి. తీసుకున్నోళ్లు తీసుకున్నరు, నేను తీసుకోలేదంటె మీ నాయనమ్మ నవ్వుతది, అందుకే ఆ ముచ్చట ఇక్కడనే ఆపుతున్న. 2008ల హెచ్‌ఎండీఏ వచ్చినంక లేఅవుటు మీద సర్పంచు పెత్తనం తగ్గింది. రేటు మాత్రం తగ్గలె.

2019 జనవరిల అయినయే మన ఆఖరు సర్పంచు ఓట్లు. అది మీకు గూడ యాదికుండాలె. 2018 చట్టంల గూడ ఆడోళ్లకు సగం. గులాబి కాయిదం సర్పంచుకు, తెల్లది వార్డు మెంబరుకు. పొద్దుగాల ఏడింటికి మొదలై ఒంటిగంటకు బంద్, రెండింటికి లెక్క, మాపటికి ఉప సర్పంచు. కత్తెర, ఉంగరం, ఫుట్‌బాలు, బ్యాటు, ఇగ ఇట్లాంటియి గుర్తులు. మీ అమ్మ వార్డు మెంబరుగ గెలిసింది అప్పుడే. చెక్కు మీద సర్పంచు, ఉప సర్పంచు ఇద్దరు సంతకం వెట్టాలని నిబంధన, ఆ ఇద్దరికి వడదు. ఎన్నో మాట్ల మీ అమ్మ ఇద్దరి నడుమ కూసోని, ఒకని సంతకం అయినంక ఇంకొకని ఇంటికి చెక్కువట్టుకోని వోయేది. ఊరికొక ట్రాక్టరు, నర్సరీ, వైకుంఠధామం. ముందల పని జెయ్యిండ్రి, బిల్లులు తరువాత అన్నరు. బిల్లులు రాక నగలు కుదువవెట్టిన సర్పంచులను నేను ఎరుగుదు.

ఆ పాలకవర్గం 2024 జనవరి ఆఖరుకు దిగిపోయింది. స్పెషలాఫీసరు వచ్చిండు. ఆ సెప్టెంబర్ల రింగురోడ్డు లోపటి, సుట్టుపక్కల పంచాయతీలు 51 తీసి పక్కనున్న మున్సిపాలిటీలల్ల కలిపిన్రు, అందుల మన జిల్లాయే 28. శామీర్‌పేట, బొంరాసిపేట, బాబాగూడ తూంకుంటల వడ్డయి. పూడూరు, రాయిలాపూర్ మేడ్చల్ల వడ్డయి. మిగిలినయి గూడ ఆ తరువాత అలియాబాద్, మూడుచింతలపల్లి, ఎల్లంపేట అని కొత్త మున్సిపాలిటీలయినయి. ఇగ జిల్లా మొత్తంల ఒక్క పంచాయతి లేదు. పంచాయతి లేనప్పుడు సర్పంచెక్కడ, మండల పరిషత్తెక్కడ, జిల్లా పరిషత్తెక్కడ? 2025 డిసెంబర్ల మళ్ల తూంకుంటను, మేడ్చల్‌ను, గుండ్లపోచంపల్లిని, కొంపల్లిని, మొత్తం 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లను తీస్కపోయి జీహెచ్‌ఎంసీల కలిపిన్రు. 300 వార్డులట. ఏడాదిన్నర లోపటనే సర్పంచు మున్సిపాలిటాయె, మున్సిపాలిటీ పట్నమాయె.

నాకు కోపం లేదు. పట్నం పెరిగితె ఊర్లు కలుస్తయి, అల్వాలు కలవలేదా, కాప్రా కలవలేదా? నాకు సమజ్ గానిది ఒక్కటి. కుర్చీ పటేలింట్ల ఉన్నన్ని దినాలు ఊర్లనే ఉన్నది. గొర్ల కాపరి ఓటుకు విలువొచ్చె, దళితవాడ ఆమె చాపలేసి సభ నడిపిచ్చె, సగం కుర్చీలు ఆడోళ్లకు అన్నరు. సరిగ్గ అందరికి అందే ఎత్తుకు దించినంక, కుర్చీనే ఊర్లకెళ్లి ఎత్తుకపోయిన్రు. కలెక్టరాఫీసు మాత్రం దగ్గరికొచ్చింది, అంతాయిపల్లిల, 2022ల కేసీఆర్ ప్రారంభించిండు. నడుస్తె పోవచ్చు. కలెక్టరు దగ్గరాయె, సర్పంచు దూరమాయె.

మొన్న మన గల్లిల నల్లా పైపు పలిగింది. ఎక్కడికి వోవాలో ఎవలికి ఎరుక లేదు. ఒక ఆఫీసుకు వోతె ఫోన్ల యాప్ ఉంటది, అందుల ఫోటో వెట్టుమన్నరు. ఫోటోల నీల్లు బాగనే వడ్డయి, వాళ్లు వెంటనే రాలె. మాపటికి నలుగురు ఆడోళ్లు బిందెలు వట్టుకోని మీ అమ్మ కాడికొచ్చిన్రు. పదవి దిగి రెండేండ్లాయె, అయినా ఆమె కాడికే. మీ అమ్మ పాత పంపు ఆపరేటరుకు ఫోన్ జేసింది, ఆయన ఆటో నడుపుకుంటున్నడు ఇప్పుడు, ఆటో వక్కకు ఆపి వచ్చి వాల్వు బందువెట్టి పోయిండు. చాయ్ పైసలు గూడ తీసుకోలె.

రేపు పట్నం కార్పొరేషన్ ఓట్లు వస్తయి, మీ అమ్మను కార్పొరేటర్‌కు నిలవెట్టాలె అంటున్నరట మీ దోస్తులు. ఆమెను అడిగిన. "మన ఊరోళ్లు ఎందరుంటరు మామా ఆ వార్డుల? అద్దాల గేట్ల ఎనుక ఉన్నోళ్లే ఎక్కువ. ఆ గేటు కాడ వాచ్‌మెన్ నన్ను ఆపి ఎవలింటికి అని అడిగితె ఏం జెప్పాలె, ఓటింటికి అనాల్నా" అన్నది. నిజమే గని, నేనన్న, కొమురెల్లి జాతరకు వోయినామెను గూడ ఎరిగిన ఊరమ్మా ఇది, నువ్వు అడుగు, వాచ్‌మెన్‌ది గూడ మన పక్క మండలమే అయుంటది. ఆమె ఇంక ఏమనలె. మీరే అడుగుండ్రి. నా ఓటు ఆమెకే. డిపాజిటు పైసలు మాత్రం నన్ను అడుగకుండ్రి, మీ నాయనమ్మ కాడ ఉంటయి.